థార్న్‌బీ గంట

సెప్ ఆల్డర్‌సన్ తలుపు పిడిని ఎప్పుడూ ఉత్త చేత్తో పట్టుకోడు. జేబులోంచి గుడ్డ తీసి, పిడి చుట్టూ వేసి, అప్పుడు తిప్పుతాడు. కొత్తగా చూసినవాళ్లు శుభ్రం పిచ్చి అనుకుంటారు. పిచ్చేమీ కాదు. స్కార్‌బెక్ స్టేషన్ కేబిన్‌లో ఏళ్ల తరబడి సిగ్నల్ లెవర్లు లాగిన చేతులవి. చేతి చెమట తగిలితే ఉక్కు తుప్పు పడుతుంది. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్లు గుడ్డ లేకుండా లెవరు ముట్టరు. స్టేషన్ పోయింది, లెవర్లు పాత ఇనుము కింద పోయాయి, గుడ్డ మాత్రం మిగిలింది. పెళ్లాం పేరు మరిచిపోయాడు గానీ గుడ్డ మరిచిపోలేదు.

ఆ పెళ్లాం ఎడ్నా. అతనిప్పుడు ఆమెని "అమ్మగారూ" అని పిలుస్తాడు, మర్యాదగా, టికెట్టు కొనుక్కుని వచ్చిన మనిషిని పిలిచినట్టు. "ఇన్నేళ్లు కాపురం చేసి చివరికి ప్యాసింజర్నయ్యాను" అని ఎడ్నా చర్చిలో ఆడవాళ్లతో అంటుంది. వాళ్లు నవ్వాలో మానాలో తెలియక కేకు ముక్క అందిస్తారు.

సెప్ తల్లిదండ్రులకు ఏడో సంతానం. అప్పటికి ఇంట్లో పేర్లన్నీ అయిపోయాయి కాబోలు, పాదిరి గారిని అడిగి లాటిన్‌లో ఏడోవాడు అని అర్థం వచ్చేలా సెప్టిమస్ అని పెట్టి చేతులు దులుపుకున్నారు. మీసం రాకముందే స్టేషన్‌లో పోర్టరుగా చేరాడు. ఆ స్టేషన్ విక్టోరియా రాణి కాలంలో కట్టింది. నాలుగు గొర్రెల మందలూ, ఒక సీసం గనీ తప్ప ఏమీ లేని ఆ లోయకి చర్చి లాంటి స్టేషన్ ఎందుకో కట్టినవాళ్లకే తెలియాలి. కోసుగా చెక్కిన రాతి కిటికీలు, పువ్వులు పోతపోసిన ఇనప స్తంభాలు, ఎవరూ చలి కాచుకోని గదులకి కూడా పొడుగాటి పొగగొట్టాలు. లోయలో జనానికి ఆ ఆడంబరం చూస్తే లోలోపల గర్వం, పైకి వెటకారం. "మనకన్నా మన స్టేషన్ గొప్పింటి బిడ్డ" అనేవారు.

కేబిన్ పని చేతికి వచ్చాక సెప్ దాన్ని గుడిలా చూసుకున్నాడు. లెవర్లలో మొహం కనిపించేది. నేల మీద మైనం పట్టించేవాడు. కేబిన్‌లోకి ఎవరొచ్చినా మెట్ల దగ్గర బూట్లు విప్పాలి. స్టేషన్‌మాస్టరంతటివాడు కూడా మేజోళ్లతో వచ్చి నిలబడేవాడు. ఒకసారి ఇనస్పెక్టరు మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉండి, ఆ కథ లోయంతా పాకి, ఆయన మళ్లీ తనిఖీకి వస్తే ఒట్టు.

స్కార్‌బెక్ నుంచి థార్న్‌బీకి ఒకే లైను. ఆ లైన్లోకి బండి అడుగుపెట్టాలంటే డ్రైవరు చేతిలో టోకెన్ ఉండాలి. అదొక బరువైన ఇనప ముక్క, పెద్ద తాళంచెవిలా ఉంటుంది, మీద రెండు ఊళ్ల పేర్లూ చెక్కి ఉంటాయి. రెండు స్టేషన్ల కేబిన్లలోనూ అవి మిషన్లో బిగించి ఉంటాయి. ఒకటి బయటికి వస్తే చాలు, అటూ ఇటూ రెండు మిషన్లూ బిగుసుకుపోతాయి. అది తిరిగి ఏదో ఒక మిషన్లో పడేదాకా ఇంకోటి రాదు, ఇంకో బండి కదలదు. ఎదురెదురుగా రెండు బండ్లు గుద్దుకోకుండా పెద్దవాళ్లు కనిపెట్టిన ఉపాయం. బండి థార్న్‌బీ చేరగానే అక్కడి కేబిన్‌వాడు గంట కొడతాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒక దెబ్బ. బండి క్షేమంగా చేరింది, దారి ఖాళీ అని.

ఆ గంట వినేదాకా సెప్ కూర్చునేవాడు కాదు. టీ కాచుకుని పక్కన పెట్టుకున్నా ముట్టేవాడు కాదు. మంగళవారం పొద్దుటి బండికి మరీను. ఆ బండిలో ఎడ్నా ఎక్కేది. వాళ్ల నాన్నది స్టేషన్ పైనున్న పాడి కొట్టం. పాల క్యాన్లు బండెక్కించడానికి వచ్చి వచ్చి, సెప్‌తో నాలుగు మాటలు కలిపి, తర్వాత గుడ్లూ వెన్నా బుట్టలో పెట్టుకుని థార్న్‌బీ సంతకి వెళ్లడం మొదలుపెట్టింది. పెళ్లికి ముందు ఒకసారి బుట్ట పెట్టెలోకి అందిస్తూ, "నువ్వు థార్న్‌బీలో దిగకముందే దిగావని నాకు తెలుస్తుంది" అన్నాడు. ఏడాదికి పది మాటలు మాట్లాడే మనిషి. జన్మకంతా అదొక్కటే ప్రేమకబురు. ఎడ్నాకి అది చాలింది.

లోయలో స్టేషన్ మూసేయాలని లండన్‌లో కూర్చున్న దొరలకి తోచింది. నష్టాలన్నారు. బస్సు వేస్తామన్నారు. వేశారు, రెండేళ్లు తిప్పారు, అదీ ఆపేశారు. ఆఖరి రోజున లోయంతా వచ్చి బండి చుట్టూ మూగింది. ఎప్పుడూ బండెక్కనివాళ్లు కూడా ఏడ్చారు. జనం తలో జ్ఞాపకం పట్టుకుపోయారు. పోర్టరు చేతిదీపం, స్టేషన్‌మాస్టరు గోడగడియారం. ఆడవాళ్ల వెయిటింగ్ రూములో అద్దాన్ని పాదిరి గారి భార్య శాలువా కింద దాచి తీసుకెళ్లిందని లోకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆఖరి బండి థార్న్‌బీ చేరిన గంట మోగాక సెప్ జ్ఞాపకంగా ఒక టోకెన్ తీసుకుంటానని అక్కడి కేబిన్‌వాణ్ని ఫోనులో అడిగాడు. రెండు వైపులా కలిసి నొక్కితే గాని టోకెన్ రాదు. ఆయన అక్కడ నొక్కాడు, సెప్ ఇక్కడ లాగాడు. దాన్ని కోటు లోపల పెట్టుకుని ఇంటికొచ్చి, చలి కాచుకునే నిప్పుగూడు మీద రెండు పింగాణీ కుక్క బొమ్మల మధ్య పెట్టాడు.

ఊళ్లో ఇంటికి మారాక కూడా ఆ కుక్కల మధ్యే ఉండిపోయింది. సెప్ కౌంటీ రోడ్ల పనిలో చేరి మంచు మీద ఉప్పూ ఇసకా చల్లుతూ మిగతా ఉద్యోగం గడిపాడు. ఆ ఉద్యోగం గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఎడ్నా శనివారం శనివారం కుక్కలతో పాటు టోకెన్ కూడా తుడిచేది.

మతిమరుపు మెల్లిగా మొదలైంది. మొదట కళ్లజోడు, తర్వాత కొళాయి కట్టేయడం, ఆ తర్వాత మనుషులు. పోనీలే, ముసలితనంలో అందరికీ వచ్చేదే అని ఎడ్నా సర్దుకుంది. కానీ ఒకరోజు సెప్ నిప్పుగూడు ముందు ఆగిపోయాడు. టోకెన్ చేతిలోకి తీసుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది ఇక్కడేంటి?" అన్నాడు.

ఎడ్నా నవ్వేసి, నువ్వే కదా తెచ్చావు, జ్ఞాపకానికి, అంది.

"ఇది బయటుంటే మిషన్లు బిగుసుకుపోతాయి. ఇంక బండి ఎలా వస్తుందమ్మగారూ? అందుకే రాలేదు. నేనిక్కడ పెట్టుకుని కూచున్నాను. బండి రావట్లేదని స్టేషన్ మూసేశారు."

ఎడ్నా వాదించింది. లండన్ దొరల గురించి చెప్పింది, నష్టాల గురించి చెప్పింది, పేపర్లో పడిన ముక్కల పాత కట్ట తీసి చూపించింది. అతను అన్నీ ఓపిగ్గా విని, "మరి టోకెన్ బయటుంటే బండి వస్తుందా?" అని అడిగాడు. రాదు. నిజమే, రాదు. కేబిన్ పక్కనే కాపురం చేసిన మనిషి, రాదని ఆమెకీ తెలుసు. పేపరు ముక్కల కట్ట తీసి లోపల పెట్టేసింది.

అక్కణ్నించి సెప్ క్షమాపణలు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మాంసం కొట్టులో, పోస్టాఫీసు క్యూలో, చర్చి గుమ్మంలో. బడి మూతపడినా తనవల్లే, సంత తగ్గిపోయినా తనవల్లే, కుర్రవాళ్లు లోయ వదిలిపోయినా తనవల్లే. తోపుడుబండిలో పాపని పెట్టుకుని నిలబడిన ఒకమ్మాయి చేయి పట్టుకుని, మీకు రైలు లేకుండా చేశానమ్మా అన్నాడు. ఆ పిల్ల పుట్టకముందే పట్టాలు పీకేశారు. పాపం, "పర్లేదులే తాతా" అంది. ఎడ్నా వెనకాల నిలబడి చేతిసంచీ గట్టిగా పట్టుకుంది.

క్షమాపణలతో ఆగితే బాగానే ఉండేది. టోకెన్ మిషన్లో పెట్టి వద్దామని బయల్దేరడం మొదలుపెట్టాడు. మొదటిసారి ఇంట్లో వేసుకునే మెత్తని చెప్పులతో వానలో నడిచి వెళ్లి స్టేషన్ మొండిగోడ మీద కూర్చుంటే, గొర్రెలు చూసుకోవడానికి వచ్చిన రైతు ట్రాక్టరు మీద తెచ్చి దించాడు. రెండోసారి కొండని తొలిచి లైను వేసిన చోట నీటిగుంటలో పడి మోకాలు చితక్కొట్టుకున్నాడు. ఎడ్నా తలుపుకి గొళ్లెం పెడితే కిటికీలోంచి దిగాడు. టోకెన్ దాచేస్తే ఇల్లంతా తవ్విపోశాడు, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. మళ్లీ తీసి ఇచ్చేసింది.

ముసలివాళ్ల బాగోగులు చూసే కౌంటీ ఆఫీసువాళ్లు ఒక అమ్మాయిని పంపారు. మంచి పిల్లే. టీ తాగి, సెప్ మోకాలు చూసి, చాలా మెత్తగా చెప్పింది. ఇంకోసారి ఇలా జరిగితే ఇంట్లో ఉంచడం కుదరదు, పట్నంలో వృద్ధుల హోమ్‌లో చోటుంది, అక్కడ తలుపులకి తాళాలుంటాయి, మీరు ఆదివారాలు వచ్చి చూడొచ్చు అంది. ఎడ్నా సరేనంది. ఆ పిల్ల వెళ్లాక వంటింట్లో నిలబడి, గిన్నె కడుగుతూ కడుగుతూ అదే గిన్నె మళ్లీ కడిగింది. తనని గుర్తుపట్టని మనిషే. అయినా ఆ మనిషి గుడ్డతో తలుపు తీసే చప్పుడు లేని ఇంట్లో తాను ఉండగలనని ఆమెకి తోచలేదు.

టోకెన్ నాకియ్యి, నేను పెట్టొస్తాను అని అడిగి చూసింది.

"మీకెలా ఇస్తానమ్మగారూ? డ్రైవరుకి తప్ప ఎవరికీ ఇవ్వకూడదు" అన్నాడు సెప్, ఆమె అమాయకత్వానికి జాలిపడుతూ.

ఆ మాటే ఆమెకి దారి చూపింది. డ్రైవరుకి ఇస్తాడన్నమాట. ఆ లైను మీద బండి తోలినవాళ్లలో ఇంకా ఊపిరితో ఉన్నది ఆర్నల్డ్ కిర్క్ ఒక్కడే. థార్న్‌బీలో కూతురింట్లో ఉంటున్నాడు. తుంటి అరిగిపోయింది, చెవిలో మిషను పెట్టుకుంటాడు, నోరు మాత్రం ఇంజను విజిలే. ఎడ్నా వెళ్లి సంగతి చెబితే ససేమిరా అన్నాడు.

"ఈ వయసులో నాచేత వేషాలు వేయిస్తావా అమ్మాయ్? వాడు తిక్కలోడు. బుర్ర బాగున్నప్పుడే తిక్కలోడు. బూట్లు విప్పితేగాని టీ చుక్క పోసేవాడు కాదు నాకు."

ఎడ్నా కోటు బొత్తాలు పెట్టుకుని లేచింది. ఆర్నల్డ్ కాసేపు ఆమె వీపు చూసి, ఆదివారం కారు తెస్తాలే, ఆ పాత టోపీ ఎక్కడ తగలడిందో వెతకాలి అని గొణిగాడు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వెళ్లారు. దారి సగంలోనే ఆగిపోతుంది, ఆపైన రైతు గేటు తీసుకుని గొర్రెల మధ్య నడవాలి. స్టేషన్ ఇల్లు ఎవరో లీడ్స్ పట్నం వాళ్లు కొనుక్కున్నారు. తలుపుకి నీలం రంగు వేశారు, టికెట్ల కిటికీలో పూలకుండీ పెట్టారు, ఏడాదికి రెండుసార్లు వచ్చి పోతారు. మిగతాదంతా ముళ్లపొదలదే. ప్లాట్‌ఫారం అంచు రాళ్లు మాత్రం అక్కడక్కడ కనిపిస్తున్నాయి. ఇనప స్తంభం ఒక్కటి నిలబడి ఉంది, మోయడానికి పైన కప్పే లేదు. పట్టాలుండే చోట చెట్టొకటి మొలిచి మానైంది. కేబిన్ ఉన్నచోట అడుగున నాలుగు వరసల ఇటుకలు, లోపల దురదగొండి ఆకు.

ఎడ్నా భయపడింది. ఇదంతా చూసి సెప్ గుండె పగిలిపోతుందేమో అనుకుంది. సెప్ చుట్టూ చూసి మొహం చిట్లించాడు.

"ఈ గడ్డి పీకించాలి. ఇనస్పెక్టరొస్తే పరువు పోతుంది" అన్నాడు.

తర్వాత ప్లాట్‌ఫారం మీద నడిచాడు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి, ఇక్కడ చూడకుండానే ఎక్కడ రాయి ఎత్తుగా ఉందో అక్కడ కాలెత్తి వేశాడు. వాలు దిగే చోట దిగాడు. కేబిన్ ఇటుకల పక్కన నిలబడి, గుడ్డ తీసి, టోకెన్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా తుడిచాడు. ఆర్నల్డ్ టోపీ సర్దుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆర్నల్డూ," అన్నాడు సెప్. ఏ తడబాటూ లేకుండా, నిన్న చూసినట్టు. "ఇంజనేదిరా?"

ఆర్నల్డ్ ఒక్క క్షణం ఎడ్నా వైపు చూశాడు. "నీళ్లు పట్టుకుంటోంది, ఆ చివర. ఇవ్వరా తొందరగా, ఇప్పటికే ఆలస్యమైంది, జనం నన్ను తిడుతున్నారు."

"నావల్లే ఆలస్యం."

"తెలుసులే. ఎప్పుడూ నీవల్లే."

సెప్ టోకెన్ చాచాడు గానీ వదల్లేదు. పేరు చదవమన్నాడు. డ్రైవరు పేరు చూసి చదివితే గాని చేతిలో పెట్టకూడదు. ఆర్నల్డ్ కళ్లకి అక్షరాలు ఆనలేదు. అయినా వేలసార్లు చదివినదే. "స్కార్‌బెక్ నుంచి థార్న్‌బీ" అన్నాడు. సెప్ వేళ్లు విడిచాడు.

అతని భుజాలు దిగడం ఎడ్నా చూసింది. ఎన్నాళ్లనుంచో మోస్తున్న బస్తా ఎవరో అందుకున్నట్టు దిగాయి. గట్టు మీద కూర్చుని ముగ్గురూ ఫ్లాస్కులో టీ తాగారు, పళ్ల కేకు మీద చీజు ముక్క పెట్టుకుని తిన్నారు. సెప్ కేకు తిన్నాడు. టీ పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు. ఆ సంతోషంలో ఎడ్నా అది పట్టించుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు సెప్ కారులో నిద్రపోయాడు. "ఇన్నేళ్లు బండి తోలాను, ఎప్పుడూ ఇంత భయపడలేదమ్మాయ్" అని ఆర్నల్డ్ మెల్లిగా అన్నాడు. టోకెన్ అతని కోటు జేబులో బరువుగా ఉంది. ఎడ్నా అతని చేయి నొక్కి వదిలింది. ఈ గండం గడిచినట్టే అనుకుంది.

మర్నాడు పొద్దున్న సెప్ బుద్ధిగా జావ తాగాడు. నిప్పుగూడు మీద ఖాళీ చోటు చూసి, పక్కకి వెళ్లిపోయాడు. ఎడ్నా గొళ్లెం తీసేసింది. మధ్యాహ్నం అయ్యేసరికి అతను వంటింట్లో గడియారం కింద నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు పెట్టిన టీ చల్లారిపోయింది.

ఏమైంది సెప్ అని అడిగింది.

"గంట రాలేదమ్మగారూ. నిన్న పంపిన బండి. థార్న్‌బీ నుంచి గంట రాలేదు."

ఎడ్నా చేతిలో కెటిల్ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. టోకెన్ ఇచ్చాక బండి వెళుతుంది, బండి వెళ్లాక గంట రావాలి. ఆ పనిలో ఒకటి చేశాక రెండోది రాకుండా ఉండదు. అంత తెలిసిన మనిషి, టోకెన్ ఇస్తే చాలని తనెలా అనుకుంది?

టోకెన్ ఇంట్లో ఉన్నప్పుడు బండి రాలేదన్న బాధ. ఇప్పుడు బండి బయల్దేరి చేరలేదు. సిగ్నల్ పని చేసినవాళ్లకి అంతకన్నా భయం ఇంకోటి లేదు. సెప్ ఆ మూల వదల్లేదు. కాళ్లు వాచాయి. కుర్చీలో కూలబడితే కునుకు పట్టేది, ఉలిక్కిపడి లేచి గంట మోగిందా అని అడిగేవాడు. టీ ముట్టలేదు, తిండి కూడా బతిమాలి నోట్లో పెట్టాల్సి వచ్చేది. డాక్టరు నిద్రమాత్రలు రాసిస్తే, డ్యూటీలో ఉండగా మందులేంటని పూలకుండీలో పూడ్చాడు.

కౌంటీ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఎక్కడికీ పోవడం లేదు కదా అని అడిగింది. లేదంది ఎడ్నా. తలుపు తీసే ఉంది, చూడు. ఆ పిల్ల ఎంతో సంతోషించింది. బాగా కుదురుకున్నారు, ఇంక హోమ్ మాట అక్కర్లేదు అంది. ఇంట్లోనే ఉండాలని ఎడ్నా కోరుకుంది. ఇంట్లోనే ఉన్నాడు. ఎవరితో చెప్పుకోవాలో ఆమెకి తెలియలేదు.

ఆర్నల్డ్‌కి ఫోన్ చేసింది. టోకెన్ తెచ్చి తిరిగి ఇచ్చెయ్, బండి చేరిందని చెప్పు, నీ మాట నమ్ముతాడు అంది. అతను టోపీ పెట్టుకుని మళ్లీ వచ్చాడు. "చేరిపోయాం రా సెప్. ఇదిగో నీ టోకెన్" అన్నాడు హుషారు తెచ్చుకుని.

సెప్ టోకెన్ వంక చూడలేదు. ఆర్నల్డ్ బూట్లకంటిన మట్టి వంక చూశాడు.

"థార్న్‌బీలో మిషన్లో పడాల్సింది నీ చేతిలో ఎందుకుంది?" అన్నాడు. మెల్లిగా అతని రంగు మారింది. "బండేదీ? బొగ్గేసే నీ ఫైర్‌మన్ ఏడీ? జనం ఏరీ? నువ్వొక్కడివే నడిచొచ్చావా ఆర్నల్డూ?"

ఆర్నల్డ్ టోకెన్ బల్ల మీద పెట్టి బయటికి వెళ్లి కారులో కూర్చున్నాడు. ఎడ్నా వెళ్లి చూస్తే టోపీ మొహం మీద పెట్టుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రం వాన పడుతోంది. సెప్ గడియారం కింద ఉన్నాడు, చెవి గోడకి ఆన్చి. ఎడ్నా రెండు కప్పుల్లో టీ పోసింది. ఆ గంట ఆమెకీ తెలుసు. కేబిన్ పక్కింట్లో దీపాలార్పిన ప్రతి రాత్రీ, గిన్నెలు తోమిన ప్రతి పొద్దూ విన్నదే. అతని వెనక్కి వెళ్లి, గాజు గిన్నె తీసుకుని, చెంచాతో కొట్టింది. రెండు దెబ్బలు. ఆగింది. ఒక దెబ్బ.

సెప్ తల ఎత్తాడు. ఆ మొహంలో వెలుగు చూసి ఎడ్నాకి కళ్లు చెమర్చాయి. ఒక్క క్షణమే. తిరిగి చూసి, ఆమె చేతిలో చెంచా చూశాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నయం అయ్యుండేది.

"గంటతో ఆడకూడదమ్మగారూ. మనుషుల ప్రాణాలు" అన్నాడు.

ఎడ్నా చెంచా కింద పెట్టింది. ఇంక ఏం చెయ్యాలో తోచలేదు. చెయ్యగలిగినవన్నీ చేసేసింది. ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ బండిలో ఎవరున్నారు సెప్ అని అడిగింది.

"మా ఎడ్నా ఉంది."

ఎన్ని నెలలైందో ఆ పేరు అతని నోట విని. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"నేనే ఎడ్నాని" అంది. "సెప్, ఇటు చూడు. ఇక్కడే ఉన్నాను."

అతను చూశాడు. బండి తప్పిపోయిన ముసలమ్మని చూసినట్టు, ఎంతో దయగా చూశాడు.

"లేదమ్మగారూ. నా కళ్ల ముందే ఎక్కింది. గుడ్ల బుట్ట నేనే అందించాను. టోకెన్ కూడా నేనే ఇచ్చాను, నా చేత్తో." గొంతు తగ్గించాడు. "ఇవ్వకుండా ఉండాల్సింది."

ఆ టోకెన్ ఇప్పించింది ఎవరో ఎడ్నాకి తెలుసు. ఆ మాట చెప్పినా అతనికి ఎక్కదు. చెప్పకపోతే తనలోనే ఉండిపోతుంది. సెప్ గుడ్డ తీసి కుర్చీ వీపు మీద వేసి, పట్టుకుని, ఆమె కోసం ముందుకు లాగాడు.

"మీరు కూర్చోండి. ఎంతసేపని నిలబడతారు? టీ తాగండి, చల్లారిపోతుంది."

"నువ్వు తాగవా?"

"గంట రానివ్వండి."

ఎడ్నా కూర్చుంది. ఎదురుగా కప్పులో ఆవిరి లేస్తోంది. ఆమె కూడా దాన్ని ముట్టుకోలేదు.